మా వదిన మూడు లెన్సులకు పెట్టిన పరీక్ష

ఏదీ, ఇలా ఇవ్వు చూద్దాం. భయపడకు, పడెయ్యను. కాఫీ కప్పు పట్టుకుంటే వణుకుతాయి గానీ లెన్సు పట్టుకుంటే వణకవు ఈ చేతులు, అదేమిటో. ఊఁ... తొంభై మిల్లీమీటర్లు. వెలుతురు అంకె నాలుగు. లోపలికి మడిచిపెట్టుకునే రకం. అంచు కాస్త సొట్టపోయింది, దానికేం ఫర్వాలేదు. గాజు బాగుంది, కిటికీ వైపు పెట్టి చూస్తే మచ్చ లేదు. పాత సామాన్ల కొట్లో దొరికిందా? అడిగేవాడు లేక పడుందన్నాడా? అంటాడు, వాడికేం తెలుసు. ఇంతకీ నువ్వడిగేది ఏమిటి, రేంజ్ ఫైండర్ కెమెరాకి మొహాలు తియ్యాలంటే ఎనభై అయిదు మంచిదా, ఈ తొంభై మంచిదా, నూట అయిదు మంచిదా అని, అంతే కదా? చూడు తల్లీ, నేను ముప్ఫై ఆరేళ్ళు నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా పని చేసినవాణ్ణి. కుళాయిల గురించి అడిగితే తడుముకోకుండా చెప్తాను. ఈ ప్రశ్నకి సమాధానం చెప్పాల్సిన మనిషి మా వదిన. ఆవిడ పోయి ఇరవై మూడేళ్ళయింది. అయినా చెప్తాను, ఎందుకంటే ఆవిడ ఆ పరీక్ష పెట్టినప్పుడు స్టూలు మీద కూర్చున్నవాణ్ణి నేనే. పొద్దున ఏడింటి నించి పన్నెండింటి దాకా, కదలకుండా. ఆ కుర్చీ లాక్కో. ఇది రెండు ముక్కల్లో అయ్యేది కాదు, ఆ వానా ఇప్పట్లో తగ్గేలా లేదు.

మా అన్నయ్యకి ఫొటో స్టూడియో ఉండేది. కింద స్టూడియో, పైన కాపురం, నేనూ వాళ్ళతోనే, వెనకవైపు నించి ఇనప మెట్లు. ఆ మెట్లు వానొస్తే సబ్బు రాసినట్టు ఉండేవి. ఎన్నిసార్లు చెప్పాను గోనెపట్టా కట్టించరా అన్నయ్యా అని. సరే, దాని సంగతి తర్వాత. అన్నయ్య మనిషి అందగాడు. జేబులో దువ్వెన, మెడలో కెమెరా, ఈ రెండూ లేకుండా గుమ్మం దాటేవాడు కాదు. పని తెలిసినవాడే, కాదనను. ఎవరొచ్చినా నిమిషంలో నవ్వించేవాడు, నవ్వు పోకముందే నొక్కేవాడు. వాడికి మొహాలు తీసే లెన్సులు మూడుండేవి. ఎనభై అయిదు ఒకటి, వెండిలా మెరుస్తూ చేతికి బరువుగా ఉండేది, దాని గాజు ఇంత పెద్ద కన్ను, మసక వెలుతురులో కూడా పనిచేసేది. దాన్ని 'పెద్దాయన' అనేవాడు. నూట అయిదు నల్లగా పొడుగ్గా ఉండేది, దాని పేరు 'గొట్టం'. మూడోది ఇదిగో నీ దానిలాంటి తొంభై. దాని పేరు 'బుడ్డోడు'. గాజు చిన్నది కాబట్టి వెలుతురు తక్కువగా లోపలికెళ్తుంది, అందుకని దాన్ని బీరువా కింద అరలో పాత గుడ్డలో చుట్టి పడేశాడు. పెద్దాయన మాత్రం మఖమల్ సంచిలో ఉండేది. వాడికి పని నేర్పిన గురువుగారు స్టూడియో మూసేస్తూ తన చేత్తో ఇచ్చిన లెన్సు మరి. దాన్ని అనడమంటే గురువుగారిని అన్నట్టే.

వదిన సంగతికొస్తాను. పెళ్ళయిన రెండో వారంలో చీకటి గదిలో ఉన్న అన్నయ్యకి తువ్వాలు ఇవ్వడానికని లోపలికెళ్ళింది. తెల్ల కాగితం మీద మందు నీళ్ళలో మొహం తేలుతూ రావడం చూసింది. ఇంక బయటికి రాలేదు. నిజంగానే అంటున్నా, ఆ రోజు అన్నం నేను వండాను, మాడ్చాను కూడా. ఆర్నెల్లలో రీళ్ళు కడగడం, ప్రింట్లు వెయ్యడం మొత్తం ఆవిడ చేతిలోకొచ్చేసింది. అన్నయ్యకి హాయి, వాడికి ఆ మందుల వాసనంటే తలనొప్పి. పదేళ్ళ పాటు వాడు ముందు గదిలో నొక్కాడు, ఆవిడ వెనక గదిలో కడిగింది. కెమెరా మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు. ముట్టుకోవద్దని ఎవరూ అనలేదు, ముట్టుకోమనీ అనలేదు. కానీ నెగెటివ్ ఎర్ర దీపం దగ్గర పెట్టి భూతద్దంతో చూసి, ఇది గొట్టం, ఇది బుడ్డోడు, ఇది పెద్దాయన అని చెప్పేసేది. మనం చేతిరాత చూసి ఎవరి ఉత్తరమో చెప్పమూ, అలాగ. నేను ఎన్నోసార్లు పందెం వేసి ఓడిపోయాను.

ఇప్పుడు అసలు బాధ చెప్తాను. పెద్దాయనతో తీసిన మొహాలు మెత్తగా, పదును లేకుండా వచ్చేవి. అందరివీ కాదు. ఎండలో ఆరుబయట తీస్తే బాగానే వచ్చేవి, స్టూడియో లోపల తీసినవే, అదీ దగ్గర నించి తీసినవి. కళ్ళల్లో ఆ మెరుపుండేది కాదు. తప్పు ఎక్కడుందనుకున్నావు? అన్నయ్య లెక్క ప్రకారం వదిన దగ్గర. ప్రింటు వేసేటప్పుడు కదిలించిందనో, బొమ్మని పెంచే ఎన్లార్జర్ సరిగ్గా సరిచేసుకోలేదనో. వాడు చెడ్డవాడు కాదు తల్లీ, అరిచే రకం కూడా కాదు. కానీ నిట్టూర్చేవాడు. ఆ నిట్టూర్పు కన్నా అరిస్తేనే నయం. వచ్చినవాళ్ళ ముందు "మా ఆవిడ చెయ్యి కాస్త తడబడిందండీ, మళ్ళీ వేయిస్తాను" అని నవ్వేవాడు. వెనక గదికి తలుపు ఉండేది కాదు, నల్ల గుడ్డే. అన్నీ వినిపించేవి. ఆవిడ మళ్ళీ వేసేది, మూడోసారి వేసేది. ఒక లెక్కల మాస్టారు వచ్చాడొకసారి, రిటైరవుతున్నాడని ఫొటో తీయించుకున్నాడు. ఫొటో పట్టుకుని చాలాసేపు చూసి, "చెవులు బాగా వచ్చాయండీ" అన్నాడు పాపం, ఏదో ఒకటి మెచ్చుకోవాలని. ఆ రాత్రి భోజనాల దగ్గర వదిన ఒకే ఒక్క మాట అంది. ఆ మాస్టారు అన్నది నిజమే, ఎప్పుడు చూసినా చెవులు పదునుగా ఉండి కళ్ళు మెత్తగా ఉంటున్నాయి, ప్రింటులో తప్పైతే రెండూ చెడిపోవాలి కదా అంది. అన్నయ్య చెయ్యి కడుక్కుంటూ, చెవులు ఎవడు చూస్తాడు అన్నాడు. అంతే, ఆ మాట అక్కడితో పోయింది. నేనూ ఉన్నాను అక్కడే. మజ్జిగ పోసుకున్నాను.

ఆఁ, మెట్లు. చెప్పాను కదా సబ్బు రాసినట్టుంటాయని. వానాకాలంలో ఒక గురువారం అన్నయ్య జారాడు. కెమెరాని గుండెకి హత్తుకుని పడ్డాడు, దానికి గీత కూడా పడలేదు, కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మోచేతి దాకా కట్టు, రెండు నెలలు కదపకూడదన్నాడు డాక్టరు. ఆ పై గురువారానికేమో నాటకాల సంస్థ వాళ్ళ పని ఉంది. ఊళ్ళో పెద్ద నాటకశాల, అందులో ఒక పెద్దావిడ, నలభై ఏళ్ళుగా నటిస్తున్న మనిషి, ఆఖరి నాటకం వేసి విరమించుకుంటోంది. ఆవిడ ఫొటో ఒకటి నిలువెత్తున వేయించి నాటకశాల ముందు గదిలో పెడతామని మేనేజరు చెప్పాడు. మధ్యాహ్నం పూట పూర్తి వేషాలతో ఒకసారి ఆడతారు, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు రావచ్చు, ఎవరిది బాగుంటే వాళ్ళది పెడతారు. రెండో ఆయన ఎవరనుకున్నావు, మా ఎదురు వీధిలో కొత్తగా స్టూడియో పెట్టినాయన. షరతులు కూడా ఉన్నాయి. ఫ్లాష్ వెయ్యకూడదు, చప్పుడు చెయ్యకూడదు, సీట్లో నించి లేవకూడదు. అన్నయ్య ఆ పని కోసం ఏడాదిగా చూస్తున్నాడు. కట్టు కట్టించుకుని వచ్చి, గోడకి ఆనుకుని కూర్చుని, ఎదురు వీధి ఆయనకి కబురు పెట్టు, మనం రావట్లేదని చెప్పు అన్నాడు నాతో. నేను చెప్పులేసుకున్నాను కూడా. వదిన వెనక గదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "నువ్వు చెప్పులు విప్పవయ్యా. నేను వెళ్తాను" అంది.

అన్నయ్య నవ్వలేదు, అది వాడి మంచితనం. నీకు నొక్కడం రాదు కదా అన్నాడు, అంతే. ఆవిడ అంది కదా, మీరు నొక్కిన ప్రతి రీలూ నేను చూశాను, ఎక్కడ తొందరపడ్డారో ఎక్కడ ఆలస్యమయ్యారో నాకు తెలుసు, నొక్కడం వారంలో వస్తుంది అంది. సరే, పెద్దాయనని తీసుకెళ్ళు, నాటకశాలలో వెలుతురుండదు, అది లేకపోతే పనవ్వదు అన్నాడు వాడు. అప్పుడు వదిన అన్న మాట నాకింకా చెవుల్లో ఉంది. "తీసుకెళ్తాను. కానీ ముందు మూడింటినీ ఒక్కచోట కూర్చోబెట్టి ఎవరేం చెప్తారో వింటాను." మనుషుల్ని విచారించబోతున్నట్టే చెప్పింది.

ఆదివారం పొద్దున. స్టూడియోకి సెలవు. కిటికీ పక్కన స్టూలు, స్టూలు మీద నేను. ఎందుకు నేనే అంటే, నా ముక్కు. నవ్వకు. వదిన దర్జీ టేపు పట్టుకొచ్చి నా ముక్కు కొస నించి చెవి దాకా కొలిచింది. అయిదంగుళాలు. నోట్సు పుస్తకంలో రాసుకుంది. నాకు ముక్కు పొడుగని తెలుసు గానీ అంకె తెలీదు అప్పటిదాకా. లోతు తెలియాలంటే ఇలాంటి మొహమే కావాలయ్యా, చదును మొహాలు పనికిరావు అంది. నా పక్కన ఒక చెక్క పలక మీద అదే టేపు ఏటవాలుగా పరిచి పిన్నులు గుచ్చింది, సరిగ్గా నా కంటికి ఎదురుగా పన్నెండో అంగుళం వచ్చేట్టు. కెమెరా మూడుకాళ్ళ స్టాండు మీద. నేల మీద సుద్దముక్కతో మూడు గీతలు, ఆరడుగుల దగ్గర, పన్నెండు దగ్గర, పద్దెనిమిది దగ్గర. ఒక్కో లెన్సూ ఒక్కో గీత దగ్గర మూడేసి సార్లు, ముందు లెన్సు కన్ను పూర్తిగా తెరిచి, తర్వాత వెలుతురు సగానికి తగ్గేట్టు ఒక మెట్టు మూసి, తర్వాత ఇంకో మెట్టు. ఎన్నయ్యాయి? ఇరవై ఏడు. ప్రతిదానికీ నోట్సులో ఒక వరస. ఈ కెమెరాల సంగతి నీకు తెలుసు కదా, మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి. అందులో మనిషి రెండుగా కనబడతాడు, రింగు తిప్పుతూ పోతే ఆ రెండు బొమ్మలూ ఒకటవుతాయి, ఒకటైతే సరిగ్గా ఉన్నట్టు లెక్క. ఆ కిటికీ చెప్పేదాన్ని మనం నమ్మాలి. లెన్సు లోపల వేరే ఏదో చేస్తుంటే ఆ కిటికీకి తెలీదు. వదిన నా ఎడమ కంటి మీద రెండు బొమ్మలూ కలిపింది ప్రతిసారీ. రెప్ప కొట్టొద్దు, ఆవలించొద్దు. ఎదురుగా అన్నయ్య కట్టు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని చూస్తున్నాడు. మొదట్లో ఏదో చెప్పబోయేవాడు, అలా కాదు ఇలా అని. పదో ఫొటో తర్వాత మానేశాడు.

పన్నెండింటికి రీలు కడిగింది. రెండింటికి ప్రింట్లు దండెం మీద. తొమ్మిదీ తొమ్మిదీ తొమ్మిదీ, మూడు వరసలు. ఇరవై ఏడు ముక్కులు. ఇంటికొచ్చిన పాలవాడు చూసి జడుసుకున్నాడు. వదిన భూతద్దం పట్టుకుని ఒక్కొక్కటే చదివింది. చదివింది అనే అనాలి. గొట్టం బాగుంది, కన్ను పూర్తిగా తెరిస్తే కాస్త పొగమంచు కప్పినట్టుంది, ఒక్క మెట్టు మూస్తే అద్దంలా తేరుకుంది, కానీ రింగు బిగుతు, చీకట్లో తిప్పడం కష్టం, దూరం నించి తీసే పనులకి మంచిది. అలా రాసుకుంది. బుడ్డోడి దగ్గరికొచ్చి ఆగింది. మొదటి ఫొటో నించే, కన్ను పూర్తిగా తెరిచినా సరే, నా ఎడమ కంటి రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. టేపు మీద పన్నెండు ఎంత పదునుగా ఉందో, పదకొండూ పదమూడూ అంతకంటే ఒక్క పిసరు తక్కువ. చెప్పిన చోటే నిలబడ్డాడు బుడ్డోడు, మూడు దూరాల్లోనూ. గుడ్డలో చుట్టి పడేసినవాడు. ఇంక పెద్దాయన. నా ఎడమ కన్ను మెత్తగా ఉంది. చెవి చూస్తే, చెవి పక్కన మొన్న గడ్డం గీసేటప్పుడు పడ్డ గాటు కూడా కనిపిస్తోంది. టేపు మీద పన్నెండు అలుక్కుపోయింది, పదహారు దగ్గర గీతలు సూదుల్లా ఉన్నాయి. నాలుగంగుళాలు వెనక్కి. పన్నెండు అడుగుల దగ్గర ఇంకా వెనక్కి, పద్దెనిమిది దగ్గర ఇంకా. మెట్లు మూసేకొద్దీ తేడా దాక్కుంటోంది, అందుకే ఎండలో తీసినప్పుడు ఎవరికీ తెలియలేదు.

నేను గట్టిగా అరుద్దామనుకున్నాను, పదేళ్ళ నించీ లెన్సురా తప్పు అని. వదిన నా భుజం మీద చెయ్యి వేసి ఆపింది. ఆవిడ ఆ రెండు ప్రింట్లూ, బుడ్డోడిదీ పెద్దాయనదీ, తడిగానే తీసుకెళ్ళి అన్నయ్య ముందు బల్ల మీద పెట్టింది. భూతద్దం పక్కన పెట్టింది. అన్నయ్య ఎడం చేత్తో భూతద్దం ఎత్తి చూశాడు. రెండు ప్రింట్లూ మార్చి మార్చి చూశాడు. లేచి పైకి వెళ్ళిపోయాడు, ఆ మెట్ల మీదే, గోడ పట్టుకుని. నాకు వాడి మీద కోపమొచ్చింది, ఒక్క మాటైనా అనొచ్చు కదా అని. వదినకి రాలేదో, వచ్చినా దాచుకుందో తెలీదు. ఆవిడ ఇంకో రీలు ఎక్కిస్తోంది. మళ్ళీ కూర్చోవయ్యా స్టూలు మీద అంది. ఎందుకంటే, లెన్సు తప్పు చెప్తుందని తెలిస్తే చాలదుట, ఎంత తప్పు చెప్తుందో తెలియాలిట. పెద్దాయన రింగు చుట్టూ వేళ్ళ పట్టు కోసం సన్నని పళ్ళుంటాయి, చూశావా, ఇదిగో నీదానికీ ఉన్నాయి. రెండు బొమ్మలూ కలిపాక రింగుని ఒక పన్ను దగ్గరికి జరిపి ఒకటి తీసింది, రెండు పళ్ళు జరిపి ఒకటి, మూడు జరిపి ఒకటి, అలాగ మూడు గీతల దగ్గరా. కడిగి చూస్తే, ఏ దూరమైనా రెండు పళ్ళు జరిపితే నా కన్ను కన్నులా ఉంది. అప్పుడు నవ్వింది ఆవిడ, ఆ రోజుకి మొదటిసారి. అబద్ధమెంతో లెక్క తెలిస్తే అబద్ధాలకోరుతో కూడా పని చేయించుకోవచ్చు అంది. నాలుగు రోజులు వంటింట్లో, మేడ మీద, కళ్ళు మూసుకుని ఆ రింగు గోటితో లెక్కపెడుతూనే ఉంది. ఒకటి, రెండు. ఒకటి, రెండు. నాకు నిద్రలో కూడా వినిపించేది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి నాటకశాల. ముదురు రంగు బట్టలు కట్టుకుంది, గాజులు తీసేసి చప్పుడు కాకుండా చేతులు తేలిక చేసుకుంది. నేను ఆఫీసుకి సెలవు పెట్టి వెంట వెళ్ళాను, సంచీ మోయడానికి అని చెప్పి, నిజానికి చూడ్డానికి. రెండో వరసలో నడవ పక్క సీటు. ఎదురు వీధి ఆయన అవతలి పక్క సీట్లో, మెడలో కొత్త కెమెరా, లోపల అద్దం ఉండే రకం. మంచి వస్తువే. లెన్సులోంచే చూడొచ్చు, అబద్ధం చెప్పడానికి వీల్లేదు దానికి. మమ్మల్ని చూసి, మీ ఆయన చెయ్యి ఎలా ఉందమ్మా అని మర్యాదగానే అడిగాడు. తెర లేచింది. వదిన బుడ్డోడితో మొదలుపెట్టింది. ఏమిటి? వెలుతురు చాలదనా? చాలదు, నిజమే. బుడ్డోడికి పెద్దాయన కంటే రెండు మెట్లు తక్కువ. కానీ ఆ రెండు మెట్లూ చీకటి గదిలో సంపాదిస్తానంది ఆవిడ. రీలుని మందులో మామూలు కంటే ఎక్కువసేపు ఉంచి, వెచ్చదనం అదుపులో పెట్టి లాగుతారు చూడు, ఆ పనిలో ఆవిడ చెయ్యి అలాంటిది. కెమెరా పట్టుకోవడం వారం రోజుల విద్య కావచ్చు, వెనక గదిలో పదేళ్ళ విద్య ఉంది కదా. ముందు కుర్చీ వీపు మీద మోచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి, పెదాల మీద మాట ఆగే క్షణం చూసి నొక్కేది. పక్కనున్న నాకే ఆ చప్పుడు వినిపించలేదంటే నమ్ము. అవతలి కెమెరాలో అద్దం లేచి పడ్డప్పుడల్లా పెట్టె మూత వేసినట్టు టప్ మనేది.

ఇంక చివరి రంగం. ఆ పెద్దావిడ ఒక్కతే బల్ల దగ్గర కూర్చుంటుంది. దీపాలన్నీ ఆర్పేసి బల్ల మీద చిన్న దీపం ఒక్కటి ఉంచుతారు. ఆవిడ ఒక పాత కోటుకి బొత్తాం కుడుతుంది. పది నిమిషాలు మాటల్లేవు. అంత పెద్ద హాల్లో సూది గుడ్డలోంచి లాగిన దారం చప్పుడు వినిపిస్తోంది. అవతలాయన ఒక్కసారి నొక్కాడు, టప్. పెద్దావిడ కుట్టడం ఆపలేదు. కళ్ళు మాత్రం ఎత్తి అటు చూసింది. అంతే, ఆయన కెమెరా ఒళ్ళో పెట్టేసుకున్నాడు, మళ్ళీ ముట్టుకోలేదు. వదిన చేతులు ఒళ్ళో చీకట్లో కదులుతున్నాయి. బుడ్డోడిని తీసింది, పెద్దాయనని బిగించింది, తడుముకోకుండా, గిన్నె మీద మూత మార్చినంత తేలిగ్గా. ఎత్తి పట్టింది. రెండు బొమ్మలూ కలిపింది. గోరు కదలడం చూశాను నేను. ఒకటి, రెండు. ఆగింది. పెద్దావిడ ముడి వేసి, దారం పళ్ళతో పట్టుకుని తెంపి, ఆ బొత్తాన్ని బొటనవేలితో నొక్కి చూసుకుని నవ్వింది. నవ్వు అనకూడదు, నవ్వు రాబోయే ముందు మొహంలో ఒకటి వస్తుంది చూడు. ఎన్నిసార్లు నొక్కావు వదినా అని బయటికొచ్చాక అడిగితే, రెండుసార్లు, రెండోది అనవసరం అంది.

మర్నాడు పొద్దున చీకటి గది గుడ్డ అవతల అన్నయ్యా నేనూ నిలబడ్డాం. అన్నయ్య ఆ నాలుగు రోజులూ అన్నం సగమే తిన్నాడు. వదిన ఆ ప్రింటు పళ్ళెంలోనే పట్టుకుని బయటికొచ్చింది. దారం పళ్ళ మధ్య సన్నని తెల్ల గీత. సూది కొస మీద దీపం. ఆ పెద్దావిడ కంట్లో చిన్న దీపం, దాని కింద కోటు బొత్తాం. కళ్ళు తల్లీ, కళ్ళు. పదేళ్ళలో ఆ స్టూడియోలో అలాంటి కళ్ళు రాలేదు. అదే పెద్దాయనతో. సాయంత్రం పట్టుకెళ్దాం అనుకుంటుండగానే ఆ పెద్దావిడే మేనేజరుని వెంటబెట్టుకుని వచ్చేసింది, ఫొటో ఎలా వచ్చిందో చూద్దామని. ప్రింటు పట్టుకుని గుమ్మంలో వెలుతురులోకి వెళ్ళి నిలబడింది. నేను గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను, ఆవిడ మొహం చూసే ధైర్యం లేక. "నలభై ఏళ్ళుగా అందరూ నన్ను రాణిలాగా తీశారు. బొత్తాం కుట్టుకునే మనిషిని ఇప్పుడు తీశారు" అంది. అన్నయ్య వైపు తిరిగి, మీరేనా తీసింది అని అడిగింది. అన్నయ్య కట్టు చెయ్యి ఎత్తి చూపించాడు. "ఈ చేత్తోనా అండీ? మా ఆవిడ తీసింది. ప్రింటు కూడా ఆవిడదే. ఇన్నేళ్ళూ ఆవిడదే." ఆ ఆఖరి మాట పెద్దావిడకి అర్థమై ఉండదు. అర్థం కావలసిన మనిషికి అయింది.

ఆ ఫొటో ఆరడుగులకి పెంచి నాటకశాల ముందు గదిలో పెట్టారు. కింద వదిన పేరు రాయించారు, ఇంత అక్షరాలతో. అది చూసి ఎదురు వీధి ఆయన ఏం చేశాడో తెలుసా, మా స్టూడియోకి వచ్చి, ఏ లెన్సమ్మా అని అడిగాడు. వదిన నోట్సు పుస్తకం తెచ్చి మొత్తం చెప్పేసింది, పళ్ళ లెక్కతో సహా. ఎందుకు చెప్పావు వదినా అంటే, అడిగాడు కాబట్టి చెప్పాను అంది. నెల తిరక్కుండా ఆయన తన పాత లెన్సులు రెండు పట్టుకొచ్చాడు, వీటినీ చూసి పెట్టమని. ఆయన్ని చూసి ఇంకొకరు. పక్క ఊళ్ళ నించి వచ్చేవాళ్ళు గుడ్డల్లో చుట్టుకుని, పసిపిల్లల్ని డాక్టరు దగ్గరికి తెచ్చినట్టు. పాతికేళ్ళలో ఆవిడ చూసిన లెన్సులు నాలుగు వందల పైమాట, అన్నీ ఆ స్టూలు ముందే, అన్నింటికీ నా ముక్కే. ఏది మంచిది అని ఎవరడిగినా ఆవిడ ఒకటే చెప్పేది. పేరు చూడకండి, సంచి చూడకండి, ఒక ఆదివారం దానితో కూర్చోండి అని. నాటకాల సంస్థ పనులన్నీ ఆవిడే చేసింది చివరిదాకా. చేతులు నొప్పులు మొదలయ్యాక కూడా.

ఉండు, అసలుది చెప్పనేలేదు. ఆ పెద్దావిడ వచ్చి వెళ్ళిన రోజే. మేనేజరు వాళ్ళూ వెళ్ళాక అన్నయ్య పైకెళ్ళి, మాత్రల డబ్బా ఒకటి తెచ్చాడు. తగరపు డబ్బా, చిన్నది. ఎడం చేత్తో మూత రాక నాకిచ్చాడు తియ్యమని. లోపల ఒక ఇత్తడి రింగు. పోస్టుకార్డు మందం ఉంటుంది, అంతకంటే లేదు. పెళ్ళికి నెల ముందు పెద్దాయనకి లోపల బూజు పట్టిందని తనే విప్పి తుడిచాట్ట. మళ్ళీ బిగించాక ఈ రింగు బల్ల మీద మిగిలిపోయింది. ఏదో అదనపుది అనుకున్నాడు, గురువుగారి వస్తువు కదా పారెయ్యడమెందుకని దాచాడు. అది లేక లెన్సు ఆ మేరకి లోపలికి జరిగిపోయింది, ఆ పోస్టుకార్డు మందమే ఆ లెక్కల మాస్టారి కళ్ళకీ చెవులకీ మధ్య తేడా. ఆదివారం భూతద్దంలో చూసినప్పుడే తెలిసిందిట వాడికి. నాలుగు రోజులు నోరు రాలేదు. చెప్తే నాటకం ముందు నీ చెయ్యి చెదురుతుందేమోనని ఆగాను అన్నాడు వదినతో. సగం నిజం అయ్యుంటుంది అది. మిగతా సగం కూడా వాడే చెప్పాడులే, భయమేసింది అని. "తప్పు లెన్సుది కూడా కాదు, నాది" అన్నాడు. ఆ రింగు వదిన అరచేతిలో పెట్టాడు.

వదిన దాన్ని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. కొడుతుందేమో అనుకున్నాను నేను, కొట్టినా బాగుండేది. డబ్బాలో వేసి మూతపెట్టి, రేపు పొద్దున విప్పి పెడదాం అంది మామూలుగా. మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళిపోయింది, మిగతా ప్రింట్లున్నాయి కదా. అన్నయ్య అక్కడే నిలబడ్డాడు. వాడు ఆ నల్ల గుడ్డ దాటి పదేళ్ళయింది. కాసేపటికి గుడ్డ పక్కకి జరిపి, లోపలికి రావచ్చా అని అడిగాడు. తన స్టూడియోలో తనే. ప్రింటు వెయ్యడం నాకు మళ్ళీ మొదటి నించీ నేర్పుతావా అన్నాడు. లోపల నీళ్ళ చప్పుడు ఆగింది. "చేతులు కడుక్కుని రండి" అంది వదిన. ఒక్క చెయ్యే ఉంది కదే అన్నాడు వాడు. ఆ ఒక్కటే కడుక్కుని రండి అంది.

వాడు కుళాయి దగ్గరికొచ్చాడు. ఎడం చేతిని ఎడం చేత్తోనే ఎలా రుద్దుకోవాలో తెలియక నిలబడ్డాడు. నేనే సబ్బు రాశాను, వేళ్ళ సందుల్లో కూడా...

...

వాన ఆగినట్టుంది. బయల్దేరమ్మా మరి, మీ ఇంట్లో ఎదురుచూస్తూ ఉంటారు. వాకిట్లో నీళ్ళు నిలిచాయి, చూసుకుని దిగు.